ఏ స్తంభానిదో తెలియని నీడ

నల్లగొండ పట్టణం అంచున పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కుందూరు చోడుల కాలపు గుడి. మూడు గర్భగుళ్లు, నడుమ స్తంభాల మంటపం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం ఆకారంలో నీడ పడుతుంది. పొద్దున పోయినా, మధ్యాహ్నం పోయినా, పొద్దు వాలేటప్పుడు పోయినా ఆ నీడ ఉన్నచోటే ఉంటుంది. వచ్చినవాళ్లు ఎదురుగా ఉన్న స్తంభాల్ని ఒక్కొక్కటిగా చూస్తూ, ఇది దేని నీడ అని వెతుకుతుంటారు.

దీంట్లో మాయేం లేదు. గర్భగుడిలోకి ఎండ నేరుగా పడదు. బయట నేల మీదా రాళ్ల మీదా పడి చెదిరిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి లోపలికి చేరుతుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు జరిగినా ఆ సందులు జరగవు కాబట్టి నీడా జరగదు. కట్టినవాళ్లకు వెలుతురు నడక బాగా తెలుసు. హారర్ షార్ట్ ఫిల్మ్‌లకు పనిచేయడం మొదలుపెట్టాక నేను ఆ గుడికి చాలాసార్లు పోయాను. నీడను చూసి ఎవరూ జడుసుకోరు. ఆ నీడ ఎవరిదో కనిపించకపోతే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. చేతిలో డబ్బు లేనివాళ్లు చేయగలిగిన ఎఫెక్టులన్నీ ఈ ఒక్క సంగతి మీదే నిలబడతాయి.

ఇప్పుడు నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ఎక్కడికి పోయినా ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీసే పిల్లలు కనిపిస్తారు. హారర్ తీద్దామనుకున్నవాళ్లు నన్ను మొదట అడిగేది, "అన్నా, దయ్యం మాస్క్ ఎక్కడ దొరుకుతది?" అని. మాస్కు, విగ్గు, తెల్లచీర, ఎర్రరంగు డబ్బా కొనేసరికే ఉన్న డబ్బులన్నీ అయిపోతాయి. తీరా తీశాక చూస్తే తెల్లటి ట్యూబ్‌లైట్ కింద మాస్కు వేసుకున్న దోస్తు కనిపిస్తాడు. తప్పు మాస్కుది కాదు. దాన్ని పూర్తిగా, తీరిగ్గా, మంచి వెలుతురులో చూపించారు. వస్తువుకూ చూసేవాళ్ల కంటికీ మధ్య ఎంత వెలుతురు, ఎంత దూరం, ఎంత సేపు అన్నదే ఎఫెక్ట్. ఆ మూడూ ఉచితం. అందుకే నేను ముందు వాటి గురించే చెబుతాను.

చీకటి సీన్ అనగానే చాలామంది లైట్లు ఆర్పేసి తీస్తారు. ఫోన్‌కు వెలుతురు చాలకపోతే అది ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే సున్నితత్వం, పెంచేస్తుంది. దాంతో నలుపు రావాల్సిన చోట బూడిదరంగు, దాని మీద చీమలు పాకినట్టు గింజలు గింజలుగా నాయిస్ వస్తుంది. తెర మీద చీకటి కావాలంటే గదిలో ఒకచోట గట్టి వెలుతురు ఉండాలి, మిగతా చోట ఉండకూడదు. మన కళ్లు ఆ తేడానే చీకటి అనుకుంటాయి.

ఈ తేడా తేవడానికి ఒక్క ఎమర్జెన్సీ లైట్ చాలు. చిన్న దీపం నుంచి దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. దీపం ముఖానికి ఒక అడుగు దూరంలో ఉండి, వెనక గోడ దీపానికి ఆరడుగుల దూరంలో ఉందనుకోండి. ముఖం మీద పడే వెలుతురులో ముప్పై ఆరో వంతే గోడను చేరుతుంది. ఫోన్‌లో ముఖం మీద వేలితో కాసేపు నొక్కి ఫోకస్, ఎక్స్‌పోజర్ (బొమ్మ ఎంత వెలుగ్గా రావాలన్నది) లాక్ చేసి, దాన్ని కొద్దిగా కిందికి దించితే గోడ నల్లగా మాయమవుతుంది. అదే దీపాన్ని ముఖానికి ఐదడుగుల దూరంలో పెడితే ముఖం మీది వెలుతురులో నాలుగో వంతు గోడకూ చేరి, గోడ కనపడిపోతుంది, భయం పోతుంది. దీపం దగ్గరికి జరపడం, మనిషిని గోడకు దూరంగా నిలబెట్టడం, ఈ రెండు పనులు చేస్తే సగం సినిమా అయినట్టే.

మన ఊళ్లలో ఒక చిక్కుంది. ఇళ్లకు తెల్లసున్నమో లేత నీలమో వేస్తారు. చిన్నగదిలో ఆ గోడలు వెలుతురును తిరగ్గొట్టి నీడల్ని నింపేస్తాయి. మేము కెమెరాకు కనపడని పక్క గోడలకు నల్ల దుప్పట్లు కట్టేవాళ్లం. ముఖం ఒక సగం వెలుగులో, రెండో సగం పూర్తిగా నలుపులో పడేది దానివల్లే. కళ్ల సంగతి కూడా చూసుకోవాలి. మామూలు మనిషి కంట్లో దీపం ప్రతిబింబం చిన్న చుక్కలా మెరుస్తుంది. దీపాన్ని బాగా పైకి లేపితేనో, పక్కకు జరిపితేనో ఆ చుక్క పోతుంది. చుక్క లేని కన్ను బతికున్న మనిషి కన్నులా అనిపించదు. మేకప్ ఏమీ లేకుండానే మా సినిమాలో ఒక చిన్నమ్మ శవమైంది ఇలాగే.

ఇంకో చిన్న సంగతి, కానీ చాలామంది సినిమాల్ని పాడుచేసేది. మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే ట్యూబ్‌లైటు, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షటర్ స్పీడ్, అంటే ఒక్కో ఫ్రేమ్‌కు వెలుతురు తీసుకునే సమయం, దానికి పొసగకపోతే వీడియోలో నల్లపట్టీలు పాకుతుంటాయి. ఓపెన్ కెమెరా, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లలో షటర్‌ను 1/50 దగ్గరో 1/100 దగ్గరో పెడితే ఆ గొడవ ఉండదు.

ఆరుబయట రాత్రి సీన్లకు ఇంత దీపం సరిపోదు. అందుకే పగలు తీసి రాత్రిలా చూపించే పద్ధతి వచ్చింది. దానికి ముందు వెన్నెలను సినిమాల్లో నీలంగా ఎందుకు చూపిస్తారో తెలియాలి. నిజానికి వెన్నెల నీలం కాదు, రాళ్ల మీద పడి తిరిగొచ్చిన ఎండే. కానీ వెలుతురు తగ్గినప్పుడు మన కంట్లో రంగులు చూసే కణాలు వెనక్కి తగ్గి, మసకలో పనిచేసే కణాలు ముందుకొస్తాయి. వాటికి ఎరుపు దాదాపు కనపడదు, నీలం వైపు రంగులు బాగా కనిపిస్తాయి. పొద్దుగూకేటప్పుడు ఎర్రమందారం నల్లబడి, దాని ఆకులు ఇంకా కనపడుతుండటం గమనించే ఉంటారు. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దంలో దీన్ని గుర్తించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. రాత్రి అంటే నీలం, ఎరుపు అంటే నలుపు అని మన కంటికి పుట్టుకతోనే అలవాటు.

ఆ అలవాటునే వాడుకోవాలి. సాయంత్రం నాలుగున్నర, ఐదింటికి చింతతోపులోనో, బీడు చెల్కలోనో, సూర్యుడు మనిషి వెనక ఉండేట్టు నిలబెట్టండి. తలకూ భుజాలకూ సన్నటి వెలుగు అంచు వస్తుంది, అదే వెన్నెల అవుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను 3200 దగ్గర పెడితే పగటి వెలుతురు నీలంగా మారుతుంది. ఎక్స్‌పోజర్ రెండు స్టాపులైనా దించాలి, ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది. ఫ్రేమ్‌లో ఆకాశం అస్సలు కనపడకూడదు. ఎంత దించినా ఆకాశం ఇది పగలని చెప్పేస్తుంది. చేతిలో కందిలి దీపమో, టార్చిలైటో ఉండే సీన్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఎండలో కందిలి వెలుగు ఎక్కడ కనిపిస్తుంది? అలాంటి సీన్‌ను పొద్దు గూకిన పావుగంటలో, ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉండగా తీయాలి. ఆ పావుగంట కోసం మేము రోజంతా రిహార్సల్ చేసి కూర్చున్న రోజులున్నాయి.

పొగ విషయం తొందరగా చెప్పేస్తాను. పొగకు ముందు నుంచి లైటు కొడితే తెల్లగా చప్పగా ఉంటుంది. వెనక నుంచి కొడితేనే వెలుగుతుంది, ఎందుకంటే ఆ చిన్న కణాలు వెలుతురును ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి. బైకు హెడ్‌లైట్ వెనక పెట్టి, మా ఎర్రచెల్క బాటల మీద ఒక గొర్రెల మందను నడిపిస్తే లేచే దుమ్ముకు మించిన ఫాగ్ మెషిన్ లేదు. ఇంట్లో అయితే సాంబ్రాణి చాలు. తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎక్కువసేపు ఉంచొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. దోమల మందు కొట్టే మిషన్ తెచ్చి పొగ పెట్టాలన్న ఆలోచన అసలే వద్దు. అది పీల్చకూడని మందు.

రక్తం మాత్రం తీరిగ్గా మాట్లాడుకోవాల్సిన విషయం. బజార్లో దొరికే ఎర్రరంగు తెర మీద గులాబీ రంగులోనో, టమాటా సాస్‌లానో కనిపిస్తుంది. నిజమైన రక్తం వెలుతురును లోపలికి పోనివ్వదు, చిక్కగా ఉంటుంది, ఎరుపులో కొంత నలుపు కలిసి ఉంటుంది. ఆరేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, ఎందుకంటే రక్తంలోని హిమోగ్లోబిన్ గాలి తగిలి మారిపోతుంది. కాబట్టి మూడు కావాలి: జారే చిక్కదనం, అవతలి వస్తువు కనపడనివ్వని మందం, ఎరుపును కిందికి లాగే కాస్త నలుపు.

మా ఇంట్లో అమ్మ అరిసెలకు పాకం పట్టే గిన్నెలోనే మేము దీన్ని చేసేవాళ్లం. గ్లాసు చక్కెరకు అరగ్లాసు నీళ్లు. తీగపాకం రాకముందే, వేలికి జిగురుగా తగిలి జారిపోయే లేతపాకం దగ్గర దించేయాలి. తీగపాకం వస్తే చల్లారాక బట్టకు పట్టుకుని గట్టిపడుతుంది, పారదు. వేడి తగ్గాక చెంచా మైదాను కాసిన్ని నీళ్లలో ఉండల్లేకుండా కలిపి పోసి, మళ్లీ ఒక నిమిషం సన్నమంట మీద తిప్పాలి. మందం దీంతోనే వస్తుంది. తర్వాత తినే ఎర్రరంగు, పావు చెంచా కోకో పొడి. కోకో లేకపోతే ఇన్‌స్టంట్ కాఫీ. చివర ఒకే ఒక్క చుక్క ఆకుపచ్చ ఫుడ్ కలర్. అది పడగానే గులాబీ ఛాయ చచ్చి, రంగు కిందికి దిగిపోవడం కళ్లముందే కనిపిస్తుంది. గరిటె ఎత్తితే ధార చివర చుక్క ఒక క్షణం ఆగి పడాలి. అంతే కావాల్సింది. అంతా తినేదే కాబట్టి నోట్లోంచి కారే సీన్‌కూ భయం లేదు. చర్మానికి రంగు అంటుకోకుండా ముందే కొబ్బరినూనె పల్చగా రాసుకోవాలి.

దీన్ని ఏ లైటు కింద తీస్తామో ఆ లైటు కిందే పరీక్షించాలి. పసుపు బల్బు కింద బాగున్న రక్తం, నీలం వెన్నెల లైటు కింద తారులా నల్లగా కనిపిస్తుంది. అప్పుడు కోకో తగ్గించి ఎరుపు పెంచాలి. రంగు సీసాలో ఉండదు, లైటులోనూ కెమెరాలోనూ ఉంటుంది. 1960లో వచ్చిన సైకో సినిమాలో రక్తం బదులు చాక్లెట్ సిరప్ వాడారు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు ఎరుపుతో పనేముంది, ఎంత నల్లగా, ఎంత చిక్కగా పారుతుందన్నదే లెక్క.

ఒక జాగ్రత్త అనుభవం మీద చెబుతున్నాను. మేము మొదటి షూటింగ్ ఏప్రిల్‌లో పెట్టుకున్నాం. ఆ ఎండకు పాకం పల్చబడి మెడ మీంచి చొక్కా లోపలికి దిగింది. నేల మీద పడుకున్న మా నటుడి మీదికి పావుగంటలో కండచీమలు ఎక్కాయి. శవం పాత్ర కాబట్టి కదలకూడదని పళ్లు బిగపట్టి పడుకున్నాడు. షాట్ అయ్యాక చూస్తే మెడంతా దద్దుర్లు. అప్పటి నుంచి నేల మీద పడుకునే సీన్ ఉంటే పాకం వాడటం మానేశాం. మైదాగంజిలో రంగు కలిపి వాడతాం. చక్కెర లేని రక్తానికి చీమలు అంతగా రావు.

రక్తం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇంకో సంగతి. పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే. మందారపువ్వు రసం పూసి ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే, పులుపు తగిలి రసం ఎర్రగా కారుతుంది. మంత్రగాళ్లు ఊళ్లలో నిమ్మకాయలోంచి రక్తం తీసింది ఇలాగే. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఏళ్ల తరబడి బడుల్లో, కూడళ్లలో ఇలాంటి గుట్లు విప్పి చూపిస్తూ వచ్చారు. సినిమావాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. కట్ లేకుండా ఒకే షాట్‌లో నిమ్మకాయ ఎర్రబడటం చూపిస్తే, కంప్యూటర్ ఎఫెక్ట్ అనే అనుమానం ఎవరికీ రాదు.

గాయాలకు ఖరీదైన లేటెక్స్ అక్కర్లేదు, అది కొందరికి అలర్జీ కూడా. వాజెలిన్‌లో మైదా కలిపి ముద్దలా చేసి చర్మం మీద అద్ది, అంచులు వేలితో పల్చగా నిమిరి, చెంచా వెనకవైపుతో నడిమిన గీరితే తెగిన గాటు వస్తుంది. గాటు లోపల ముందు నలుపు పెట్టాలి, తర్వాతే ఎరుపు, లేకపోతే లోతు రాదు. చెమటకు, కన్నీళ్లకు గ్లిజరిన్ నీళ్లు. తాటిముంజ పైపొర ఒలిస్తే లోపల పాలపొర పట్టిన కన్నులా ఉంటుంది. ఎండాకాలంలో మన రోడ్ల పక్కన దొరికే దాన్ని ఇంతకంటే బాగా వాడే దారి నాకు తెలియదు. ఫెవికాల్, పెయింటు, హోలీ రంగులు ముఖానికి రాయొద్దు. చిందు యక్షగానం ఆడేవాళ్లు దివిటీల వెలుగులో ముఖం కొట్టొచ్చినట్టు కనపడాలని అర్దళం అనే పసుపు ఖనిజం పూసుకునేవాళ్లు. ఆ పసుపు అందం నిజమే కానీ అర్దళంలో ఉన్నది ఆర్సెనిక్, విషం. రంగును ఫేస్ పెయింట్‌తో తెచ్చుకుందాం, పదార్థాన్ని వదిలేద్దాం.

ఇక దయ్యం. చిన్నప్పుడు మా అవ్వలు దయ్యానికి కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయని చెప్పేవాళ్లు. ఆ మాటలోనే ఒక ఎఫెక్ట్ ఉంది. నటిని వెనక్కి నడవమని తీసి, ఎడిటింగ్‌లో ఆ ముక్కను తిరగేస్తే ఆమె ముందుకే వస్తుంది. కానీ అడుగు మీద బరువు పడే తీరు ఏదో తేడాగా ఉంటుంది, చీరకుచ్చిళ్లు కాలుకంటే ముందు కదులుతాయి, జుట్టు ఊగాల్సిన వైపు ఊగదు. ఏం తేడా ఉందో చూసేవాళ్లు చెప్పలేరు, తేడా ఉందని మాత్రం తెలుస్తుంది. ఆ షాట్ మూడు సెకన్లు దాటితే గుట్టు పట్టేస్తారు. కళ్లు రెప్ప వేయకుండా, గాలిలో దుమ్ము లేకుండా చూసుకోవాలి.

ఒకే ఫ్రేమ్‌లో కనపడి మాయమవడానికి ఫ్రెంచి ఇంద్రజాలికుడు మెలియెస్ 1896లోనే దారి చూపించాడు. కెమెరాను కదలనివ్వకుండా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ మొదలుపెట్టడమే. ఫోన్‌ను ట్రైపాడ్‌కు బిగించి, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, ఖాళీ గది ఒకసారి, మనిషితో ఒకసారి తీసి, డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఒకదాని మీద ఒకటి పరిచి పారదర్శకత సగానికి తగ్గిస్తే అవతలి గోడ కనపడే దయ్యం వస్తుంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు ఈ రెండు షాట్ల మధ్యలో మారితే దొరికిపోతాం. మబ్బుల రోజు ఈ పని పెట్టుకోవద్దు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం అద్దం దయ్యం. 1862లో లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ నాటక రంగం మీద దీన్ని చూపించాడు, అందుకే పెప్పర్స్ గోస్ట్ అంటారు. ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపులో రెండడుగుల సాదా అద్దం తీసుకోండి. వెనక పూత లేనిది, వీలైనంత పల్చనిది. మందంగా ఉంటే ముందు వెనక రెండు తలాలూ ప్రతిబింబం ఇచ్చి దయ్యం రెండుగా కనిపిస్తుంది. అంచులకు టేపు చుట్టాలి, లేకపోతే చేతులు తెగుతాయి. కెమెరాకు దగ్గరగా, 45 డిగ్రీల వాలులో నిలబెట్టండి. అద్దంలోంచి ఎదురుగా ఖాళీ కుర్చీ కనిపించాలి. కెమెరాకు పక్కగా, ఫ్రేమ్ బయట, నల్లగుడ్డ ముందు దయ్యం పాత్రధారిని కూర్చోబెట్టండి. అద్దం నుంచి కుర్చీ ఎంత దూరమో, అద్దం నుంచి ఆ మనిషి కూడా అంతే దూరం. ఆమె మీద లైటు పడగానే కుర్చీలో కూర్చున్నట్టు తేలుతుంది. సాదా అద్దం ఆ కోణంలో తన మీద పడ్డ వెలుతురులో సుమారు పదో వంతే వెనక్కి పంపుతుంది. కాబట్టి గదికంటే ఆమె మీద పదింతల వెలుతురు ఉండాలి. చాలామందికి ఇది ఫెయిలవడానికి కారణం ఇదొక్కటే. గదిలో లైటు తగ్గించడం మరిచిపోతారు.

ఈ పద్ధతిలో దయ్యం కెమెరా ముందే కనిపిస్తుంది, ఎడిటింగ్ టేబుల్ మీద కాదు. కెమెరా పక్కన నిలబడినవాళ్లు కూడా చూడొచ్చు. లైటును మెల్లగా పెంచితే ఆమె మెల్లగా గట్టిపడుతుంది. కంప్యూటర్‌లో ఎంత చేసినా అలా రాదని నా అభిప్రాయం.

ఇంత చేసి సౌండ్ వదిలేస్తే అంతా వృథా. ఫోన్‌లో తీసిన బొమ్మ బాగాలేకపోయినా జనం చూస్తారు, సౌండ్ బాగాలేకపోతే చూడరు. హారర్‌లో అయితే కంటికి కనపడని దాని ఉనికి చెవికే తెలియాలి. బొమ్మకు ఫ్రేమ్ లోపలి చోటే ఉంది, సౌండ్‌కు ఫ్రేమ్ లేదు.

ఎముక విరిగే చప్పుడుకు ఎండిన జొన్నచొప్పను చెవి దగ్గర పెట్టి మెల్లగా విరవండి. ముందు చిన్న పగుళ్లు, తర్వాత ఒక్క టప్పు. పత్తికట్టెకు పొడి చప్పుడు, కందికట్టెకు ఇంకాస్త లోతు. పచ్చి సొరకాయలో కత్తి దింపితే మాంసంలో దిగినట్టు. తాటిముంజలోకి బొటనవేలు గుచ్చిన చప్పుడును నేను ఒక సినిమాలో కన్ను పీకే సీన్‌కు వాడాను. తెర మీద కన్ను చూపించనే లేదు, గోడ మీద చేతి నీడ మాత్రమే. సీన్ అయిపోయాక కూడా థియేటర్‌లా మార్చిన కాలేజీ హాల్లో ఎవరూ మాట్లాడలేదు. ఇవన్నీ రికార్డ్ చేసేటప్పుడు ఫోన్‌ను చప్పుడు వచ్చే చోటికి జానెడు దూరంలో పెట్టి, చుట్టూ దుప్పట్లు కప్పాలి. బొంతల గూడు కంటే చవకైన స్టూడియో లేదు.

ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. హారర్ అంటే లోతైన ఝుమ్మనే చప్పుడు అని నేర్చుకుని, హెడ్‌ఫోన్లలో వింటూ మిక్స్ చేస్తారు. మన సినిమా చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్ స్పీకర్ మీదే చూస్తారు. ఆ చిన్న స్పీకర్ 200 హెర్ట్జ్ కంటే కింది చప్పుళ్లను సరిగ్గా వినిపించలేదు. మీరు కష్టపడి పెట్టిన ఆ ఝుంకారం వాళ్లకు నిశ్శబ్దమే. కాబట్టి భయాన్ని మధ్యస్థాయి చప్పుళ్లలో పెట్టాలి. గోరుతో గోడ గీరడం, తడిబట్ట పిండడం, తలుపు గొళ్లెం, గొంతులో తడి ఆరిన ఊపిరి. పూర్తయ్యాక ఒకసారి ఫోన్ స్పీకర్‌లోనే విని చూసుకోవాలి.

నిశ్శబ్దాన్ని కూడా తయారుచేయాల్సిందే. ఏ చప్పుడూ లేని ముక్క పెడితే ఫోన్ పాడైందనుకుంటారు. రాత్రి ఊరి బయట ఐదు నిమిషాలు కీచురాళ్లను రికార్డ్ చేయండి. దూరంగా బోరు మోటారు, కుక్క, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనడం అన్నీ ఉంటాయి. సీన్ మొదటి నుంచీ ఆ చప్పుడు ఉంచి, దయ్యం రావడానికి రెండు సెకన్ల ముందు కీచురాళ్లను ఆపేయండి. పొలం దగ్గర రాత్రి పడుకున్నవాళ్లకు ఆ అర్థం చెప్పాల్సిన పనిలేదు. ఎవరో, ఏదో దగ్గరికి వస్తే కీచురాళ్లు ఆగుతాయి.

జంప్ స్కేర్ గురించి ఎక్కువ చెప్పను. పెద్ద చప్పుడుకు ఎవరైనా ఉలిక్కిపడతారు, అది నరాల పని, కథ పని కాదు. ఒక సినిమాలో ఒక్కటి చాలు.

ఎక్కడ తీయాలన్నది మా ప్రాంతంలో పెద్ద సమస్య కాదు. పాడుబడ్డ దొరల గడీలు, కోటలు, మూతపడ్డ రైస్ మిల్లులు, ఎండిపోయిన మోటబావులు ఉన్నాయి. గడీలో తీసేవాళ్లు ఒక్కమాట గుర్తుంచుకోవాలి. వెట్టిచాకిరి చేసిన మనుషుల బాధ ఆ గోడలకు నిజంగా ఉంది, వాళ్ల మనవళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను అడగకుండా అక్కడ కట్టుకథ అల్లడం నాకు ఇష్టం లేదు. పురావస్తు శాఖ కింద ఉన్న గుళ్లు, కోటల్లో అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టొద్దు, రాళ్ల మీద రంగు చల్లొద్దు. పాలమూరు పిల్లలమర్రికి 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. అలాంటి చెట్టు ఊడలకు మన తాళ్లు కట్టకూడదు. నల్లమలలో అమ్రాబాద్ వైపు పులుల అడవి, రాత్రి తీద్దామన్న ఆలోచనే వద్దు. మోటబావి అంచున నటులను నిలబెట్టకుండా, నేల మీద పడుకోబెట్టి కెమెరాను వాలిస్తే ఆ నేలే బావి గోడలా కనిపిస్తుంది.

తెల్లచీరతో రాత్రిపూట ఊరి బయట తిరిగే సీన్ ఉంటే ముందు రోజే సర్పంచికి, పోలీసులకు, ఆ బాటన వచ్చిపోయేవాళ్లకు చెప్పాలి. చేతబడి, బాణామతి అన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు తెలంగాణలో ఇంకా వస్తూనే ఉన్నాయి. మన సీన్ చూసి భయపడ్డవాళ్ల కోపం మా నటి మీదికి రావచ్చు, లేదా ఆ ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ మీదికి పోవచ్చు. కథ రాసేటప్పుడే ఇది ఆలోచించాలి. మంత్రగత్తె అని ఒక పేదరాలిని చూపించే కథలు నేను చేయను. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. ఆ నడకను దయ్యం నడకగా వాడదామని ఒకసారి ఒకరన్నారు. ఆ సినిమా నుంచి ఆరోజే బయటికొచ్చాను. వింత నడక కావాలంటే వీడియో తిరగేయడం ఉంది కదా.

అద్దం దయ్యాన్ని మేము దేవరకొండ వైపు ఒక ఊళ్లో పాత పెంకుటింట్లో తీశాం. ఇల్లు ఒక అవ్వది. షూటింగ్ రెండు రాత్రులు. మొదటి రాత్రి ఆమె పక్కింటికి పోయి పడుకుంది. తన ఇంట్లో ఏం పెట్టారోనని ఆమెకు గుబులుగా ఉందని తెల్లారి తెలిసింది. అందుకే రెండో రాత్రి ప్యాకప్ చెప్పాక అద్దం తీయలేదు. అవ్వను, వాకిట్లో మూగిన పిల్లల్ని లోపలికి పిలిచాం. అవ్వను కెమెరా పక్కన స్టూల్ మీద కూర్చోబెట్టి, నల్లగుడ్డ ముందున్న అమ్మాయి మీద లైటు మెల్లగా పెంచాం. ఖాళీ కుర్చీలో ముందు తెల్లటి పొగలా, తర్వాత చీరకొంగు, తర్వాత ముఖం. అవ్వ "ఓ యమ్మ" అని లేచి నిలబడ్డది.

చేయి పట్టుకుని ఆమెను గుడ్డ వెనకకు తీసుకుపోయాను. ముఖానికి బూడిదరంగు పూసుకున్న అమ్మాయి అక్కడ బిస్కెట్ తింటూ కూర్చుంది. అవ్వ ఆమె చెంప ముట్టి చూసింది. తర్వాత అద్దాన్ని వేలితో తట్టింది, కుర్చీ మీద చేయిపెట్టి తడిమింది. మళ్లీ అమ్మాయిని చూసింది. మళ్లీ వచ్చి స్టూల్ మీద కూర్చుని, కొంగు సర్దుకుంది.

"ఇగ ఎట్ల జేసిండ్రో ఎరుకైంది గద. మల్లొక్కసారి పెట్టు బిడ్డా. ఇప్పుడు జడుసుకుంటనో లేదో సూస్త."

లైటు మళ్లీ మెల్లగా పెంచాం. కుర్చీలో ముఖం తేలేసరికి అవ్వ నా చేయి గట్టిగా పట్టుకుంది.